ఫ్రాన్స్‌లో 10 రోజులు, 5 కచేరీలు: మా బృందం రిహార్సల్స్ ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న: మాది సికింద్రాబాద్. 18 మందిమి, వాద్యాలు లేకుండా నాలుగు గొంతుల్లో పాడతాం. వచ్చే జూన్‌లో పది రోజులు ఫ్రాన్స్ వెళ్తున్నాం. ఐదు కచేరీలు, అందులో నాలుగు పాత చర్చిల్లో. ఇక్కడ మేం ఎప్పుడూ మైకులతో, ఏసీ హాళ్లలోనే పాడాం. అక్కడ రిహార్సల్స్ ఎలా పెట్టుకోవాలి, ఏ పాటలు తీసుకెళ్లాలి, గొంతులు ఎలా కాపాడుకోవాలి? ఒక తెలుగు కీర్తన కూడా పాడాలని ఉంది. అక్కడ నప్పుతుందా?

సమాధానం:

నేను గుంటూరులో పెరిగాను. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, ఆదివారాలు చర్చి క్వయర్‌లో పాడేదాన్ని. 14 ఏళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాను. ఇక్కడ 26 మంది ఔత్సాహికుల బృందంలో ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది గొంతు, పాడతాను. వాళ్లతో నాలుగుసార్లు ఫ్రాన్స్ టూర్‌కి వెళ్లాను, చివరి రెండుసార్లు ఏర్పాట్లు కూడా నేనే చూశాను. మీ ప్రశ్న చదవగానే మా మొదటి టూర్ గుర్తొచ్చింది. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మీ ప్రశ్నలో నన్ను ఆపేసిన మాట 'ఎప్పుడూ మైకులతో, ఏసీ హాళ్లలోనే'. మిగతావన్నీ సర్దుకుంటాయి. దీనికి మాత్రం ఇప్పటినుంచే సిద్ధపడాలి. పాత రాతి చర్చిలో మీరు పాడిన స్వరం మీ నోట్లోంచి వెళ్లిపోయాక కూడా అక్కడే ఉంటుంది. మూడు సెకన్లు, అయిదు సెకన్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. దాని మీద మీ తర్వాతి స్వరం, ఆ పైన ఇంకొకటి వచ్చి పడతాయి. హాల్లో బ్రహ్మాండంగా ఉన్న వేగమైన పాట అక్కడ కలగాపులగం అయిపోతుంది.

మొదటి టూర్‌లో మాకు జరిగింది అదే. ల్వార్ నది పక్కన ఒక పెద్ద చర్చి. బస్సు ఆలస్యమై రిహార్సల్‌కి పదిహేను నిమిషాలే దొరికాయి. ఇంట్లో ఏడాదిపాటు సాధన చేసిన పాటే కదా అని ధైర్యంగా మొదలుపెట్టాం. రెండో పాటలో సొప్రానోలు (ఆడవాళ్ల పై గొంతు) వాక్యం ముగించారు, మేం అందుకోవాలి. కానీ వాళ్ల చివరి స్వరం పైన కప్పు దగ్గర ఇంకా మోగుతూనే ఉంది. మా స్వరం మాకే వినపడలేదు. అవతలి చివర నిలబడ్డ టెనర్లు (మగవాళ్ల పై గొంతు) మాకంటే అర అక్షరం వెనక ఉన్నారు. ఎవరికి వాళ్లం వినపడటానికని గొంతు పెంచాం, దాంతో ఇంకా పాడైంది. శ్రోతలు మర్యాదగా చప్పట్లు కొట్టారు. బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు.

మర్నాడు మా కండక్టర్‌గారు, అంటే ముందు నిలబడి చేత్తో పాట నడిపించేవారు, రిహార్సల్ తీరే మార్చేశారు. చర్చిలోకి వెళ్లాక పాట మొదలుపెట్టలేదు. ఒకే ఒక కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి), 'ఆ' అని, మధ్యస్థాయిలో. చెయ్యి మూయగానే ఆపేయాలి. ఆపాక ఎవరూ కదలకూడదు, అది పూర్తిగా పోయేదాకా వినాలి. నాలుగైదుసార్లు అలా చేయించారు. తర్వాత అదే కార్డ్ మెల్లగా, తర్వాత గట్టిగా. ఆ పది నిమిషాల్లో ఆ చర్చి మాకు అర్థమైంది. గట్టిగా పాడితే శబ్దం పెరగడం లేదు, చిక్కబడుతోంది అంతే. మెల్లగా పాడినదే చివరి వరస దాకా స్పష్టంగా వెళ్తోంది. అప్పటినుంచి ఇవాళ్టి దాకా మా ప్రతి రిహార్సల్ అలాగే మొదలవుతుంది.

కాబట్టి నా సలహా ఒక్కటే, మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే: పాటలు సికింద్రాబాద్‌లోనే పూర్తిగా నేర్చేసుకోండి. ఫ్రాన్స్‌లో చేసే రిహార్సల్ ఆ కట్టడాన్ని నేర్చుకోవడానికి ఉంచుకోండి. బస్సు, భోజనం, హోటల్, ఊరు చూడటం అన్నీ ఆ రిహార్సల్ గంటంబావుకి అడ్డురాకుండా ప్లాన్ చేయండి.

ముందు మీ ఊళ్లో చేయాల్సింది చెప్తాను. వారానికి ఒక్క రోజైనా మైకు లేకుండా, ఎత్తయిన కప్పున్న పాత చర్చిలో పాడండి. సికింద్రాబాద్‌లో సెయింట్ మేరీస్ లాంటివి ఉన్నాయి. వారం మధ్యలో సాయంత్రం అడిగితే సాధారణంగా ఇస్తారు. ఫ్యాన్లు ఆపేయండి. ఒకసారి అందరూ కలిసి మెదక్ వెళ్లి అక్కడి పెద్ద చర్చిలో పాడి చూడటం కూడా మంచిదే. ఇవేవీ ఫ్రాన్స్ చర్చిల్లా మోగకపోవచ్చు. అయినా సొంత గొంతుతో పెద్ద చోటు నింపడం, పక్కవాళ్లని వింటూ పాడటం అలవాటవుతుంది. మానిటర్ స్పీకర్ వినడం అలవాటైన చెవికి ఈ మార్పుకి కనీసం రెండు నెలలు పడుతుంది. ప్రతి పాటలో మొదటి నాలుగు లైన్లు, చివరి నాలుగు లైన్లు కంఠస్థం చేయించండి. ఆ రెండు చోట్లా కళ్లు కాగితం మీద ఉండకూడదు, కండక్టర్ చేతి మీద ఉండాలి.

అక్కడ చర్చిలో అడుగుపెట్టగానే చప్పట్లతో మొదలుపెట్టండి. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి చూసే ఉంటారు కదా, అలాగే. మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా కొట్టి, శబ్దం పోయేదాకా లెక్కపెట్టండి. రెండు సెకన్ల లోపైతే మీ హాల్లో పాడినట్టే పాడొచ్చు. మూడు నుంచి అయిదైతే వేగం కాస్త తగ్గించాలి, హల్లులు ముందుకి తేవాలి. ఆరు దాటితే పాటల వరుసే మార్చాలి. ప్రోవాన్స్‌లో ల తొరోనే అని 12వ శతాబ్దంలో సిస్టర్షియన్ అనే కాథలిక్ శాఖ సన్యాసులు కట్టిన మఠం ఉంది. అక్కడి చర్చిలో ఒక్క గొంతు పాడితే నలుగురు పాడినట్టుంటుంది. మనం పాడిన స్వరమే వెనక్కి వచ్చి మనకి తోడు నిలబడుతుంది. అక్కడ తొందరపడితే ఒక్క ముక్క అర్థం కాదు, నిదానంగా పాడితే అలాంటి అనుభవం ఇంకెక్కడా దొరకదు.

ఇంకొకటి. రిహార్సల్‌లో చర్చి ఖాళీగా ఉంటుంది. కచేరీకి రెండు వందలమంది వచ్చి కూర్చుంటే వాళ్ల బట్టలు, ఒళ్లు శబ్దాన్ని పీల్చుకుంటాయి, మోత కొంత తగ్గుతుంది. కాబట్టి రిహార్సల్‌లో ఖాయం చేసుకున్న వేగం కంటే కచేరీలో ఒక పిసరు ఎక్కువైనా పర్వాలేదు. ఇది కండక్టర్ అక్కడికక్కడ నిర్ణయించుకోవాలి, మీరందరూ ఆ చేతిని నమ్మాలి.

ఎక్కడ నిలబడాలో కూడా పాడి చూసి తేల్చుకోవాల్సిందే. బలిపీఠం వెనక లోతుగా నిలబడితే ఫోటోలో బాగుంటుంది, కానీ శబ్దం అక్కడే చుట్లు తిరుగుతుంది. జనం కూర్చునే భాగానికి దగ్గరగా, మెట్టు మీదో అంచునో నిలబడటం మేలు. స్తంభాల మధ్య ఎవరూ ఇరుక్కోకూడదు. 18 మంది కాబట్టి రెండు వరసలు చాలు, అర్ధచంద్రాకారంలో, బాసులు (మగవాళ్ల కింది గొంతు) మధ్యలో వెనక. అందరికీ వాళ్లు వినపడితే శ్రుతి నిలబడుతుంది. రిహార్సల్‌లో ఒకరిని పాడకుండా చివరి వరసకి పంపండి. కండక్టర్ ఒక్కసారైనా మీకు వీపు చూపించి నడుచుకుంటూ వెనక దాకా వెళ్లి వినాలి. ముందు నిలబడి వినేదీ వెనక వినపడేదీ ఒకటి కాదు.

హల్లుల సంగతి. తెలుగువాళ్లం అచ్చులు బాగా పాడతాం, మన భాషే అజంతం. కానీ చర్చిలో అచ్చు ఎటూ మోగుతుంది, మాట అర్థమయ్యేది హల్లు వల్లే. తాళం మీద అచ్చు పడాలి, దాని ముందు హల్లు ఒక వెంట్రుకవాసి ముందే అయిపోవాలి. వాక్యం చివరి 'స్' లాంటివి పద్దెనిమిది మందీ ఒకే క్షణంలో పలకాలి. లేకపోతే పాము బుస కొట్టినట్టుంటుంది. అది ఇద్దరికి అప్పగించి మిగతావాళ్లు మానేసినా సరిపోతుంది. పాట అయిపోయాక కండక్టర్ చేతులు దించకుండా మోత పోయేదాకా ఆగాలి. శ్రోతలూ దాని కోసం ఆగుతారు. నాకు ఈ టూర్లలో అన్నిటికంటే ఇష్టమైన క్షణాలు అవే.

పాటల ఎంపికకి వస్తాను. కచేరీకి 14 పాటలు కావాలంటే 20 తీసుకెళ్లండి. చప్పట్ల పరీక్ష అయ్యాక ఏవి పాడాలో తేల్చుకోండి. అచ్చువేసిన కార్యక్రమ పత్రంలో 'వీటిలోంచి' అని రాసేస్తే ఇబ్బంది ఉండదు. మోగే చర్చికి నిదానంగా మారే స్వరాలు, పొడుగు కార్డులు, ఒకే వరసగా సాగే గ్రెగోరియన్ కీర్తనలు (పాత లాటిన్ ప్రార్థన పాటలు) నప్పుతాయి. పారిస్ నోత్రదామ్ 1163లో కట్టడం మొదలైంది. అది ఇంకా పైకి లేస్తుండగానే లియోనాన్, పెరోతాన్ అనే సంగీతకారుల పేర్లతో చెప్పే బహుళస్వర సంగీతం అక్కడ పుట్టింది. అందులో కింద ఒక గొంతు ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టుకుని ఉంటుంది, పైన మిగతావి తిరుగుతాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు తంబూరా గుర్తొచ్చింది. అంత మోగే చోట ఇలా పాడితేనే వినసొంపుగా ఉంటుందని వాళ్ల చెవి వాళ్లకి చెప్పినట్టుంది. 2019 ఏప్రిల్‌లో కాలిపోయి 2024 డిసెంబర్‌లో మళ్లీ తెరుచుకుంది కదా, పారిస్‌లో ఉన్నప్పుడు ఒకసారి లోపలికి వెళ్లి ఊరికే కూర్చుని వినండి.

ఫ్రెంచ్ రచనలు రెండైనా పెట్టుకోండి. వాళ్ల భాషలో వాళ్ల పాట పాడితే చూపించే ఆప్యాయతే వేరు. ఫ్రెంచ్ సంగీతకర్త ఫోరే 19 ఏళ్ల వయసులో, 1865లో రాసిన 'కాంతీక్ ద జాఁ రసీన్' మీలాంటి బృందానికి అందుతుంది. కాకపోతే ఆర్గన్ కావాలి. ఆయన రెక్వియెమ్ (చనిపోయినవారి కోసం పాడే ప్రార్థన సంగీతం) 1888లో మొదట పాడింది పారిస్ మద్లెన్ చర్చిలోనే. అప్పుడు ఆయన అక్కడ క్వయర్ మాస్టరు. మొదటి రూపంలో అయిదు భాగాలే ఉండేవి, సొప్రానో భాగాలు మగపిల్లలు పాడారు. ఆ చర్చిలో నిలబడ్డప్పుడు ఈ సంగతి తెలిసుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. వాద్యం లేకుండా కావాలంటే ద్యురుఫ్లే అనే ఇంకో ఫ్రెంచ్ సంగీతకర్త 1960లో గ్రెగోరియన్ వరుసల మీద కట్టిన నాలుగు మోటెట్లు (చిన్న ప్రార్థన పాటలు) ఉన్నాయి. వాటిలో మొదటిది ఆరు సెకన్ల మోతలో కూడా నిలబడుతుంది, మేం పాడి చూశాం. పులాంక్ అనే ఇంకో ఫ్రెంచ్ సంగీతకర్తవి కష్టం. స్వరాలు దగ్గరదగ్గరగా ఒరుసుకుంటాయి, శ్రుతి కొంచెం జారినా తెలిసిపోతుంది. మీ బృందం గట్టిదైతేనే పెట్టుకోండి. 16వ శతాబ్దపు జానెకాన్ పాటల్లాంటి చకచకా నడిచే సరదా పాటలు చర్చికి వద్దు. అటు మాటలూ నప్పవు, ఇటు మోతా ఒప్పదు. వాటిని మీ అయిదో కచేరీకి ఉంచండి. జూన్ 21 మీ పది రోజుల్లో పడుతుందేమో చూసుకోండి. ఆ రోజు ఫెత్ ద లా మ్యూజిక్, 1982 నుంచి ఏటా ఫ్రాన్స్ అంతటా వీధుల్లో, కూడళ్లలో పాడతారు. మునిసిపాలిటీ వాళ్లకి ముందే రాసి చోటు ఖాయం చేసుకోండి.

ఉచ్చారణ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. ఫ్రెంచ్ 'u' అక్షరానికి పెదవులు 'ఊ' అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల నాలుకతో 'ఈ' అనాలి. మన నోటికి వారంలో పట్టుబడుతుంది. ఫ్రెంచ్‌వాళ్లు పాతకాలం పద్ధతిలో లాటిన్ పాడినా ఇదే 'u' వాడతారు. ముక్కుతో పలికే అచ్చులకి మన పాత పుస్తకాల్లోని అరసున్నని తలుచుకోండి. 'జాఁ' అన్నప్పుడు చివర 'న్' పలకకూడదు, గాలి ముక్కులోంచి పోవాలి. మాటలో పలకని చివరి 'అ'లాంటి శబ్దాన్ని పాటలో పలుకుతారు. మనవాళ్లు దాన్ని మన 'ఉ' చేసేస్తారు, జాగ్రత్త. పెదవులు కొంచెం ముందుకి పెట్టి, బలం పెట్టకుండా వదిలేయాలి. గొంతులో గరగరలాడే 'ర' కోసం తంటాలు పడొద్దు. శాస్త్రీయంగా పాడేటప్పుడు నాలుక కొసతో పలికే మన 'ర' చక్కగా సరిపోతుంది. పాట మాటలు ఎవరైనా ఫ్రెంచ్‌వాళ్ల చేత చదివించి, రికార్డు చేసి అందరి ఫోన్లలో పెట్టండి.

శ్రుతికి ఒక హెచ్చరిక. ఆర్గన్‌తో పాడేది ఒక్క పాటైనా ఉంటే దాని శ్రుతి ఎంతో ముందే అడగండి. ఫ్రాన్స్ ప్రభుత్వం 1859లో 'ల' స్వరాన్ని (ఇంగ్లిష్‌లో A) సెకనుకి 435 కంపనాలని ఆజ్ఞ జారీచేసింది. ఇప్పుడు అందరూ వాడేది 440. పాత ఆర్గన్లు కొన్ని ఇంకా కిందే ఉంటాయి, కొన్ని దాదాపు ఒక పూర్తి స్వరం కింద. పైగా చలిలో గొట్టాల శ్రుతి దిగుతుంది, ఎండాకాలం పెరుగుతుంది. మీ ఫోన్ యాప్ ఇచ్చే శ్రుతి పట్టుకుని మొదలుపెడితే తలనొప్పి.

ఇప్పుడు చర్చి గంటల సంగతి. బర్గండీలో ఒక చిన్న పల్లె చర్చి, రాత్రి 8:30కి కచేరీ. తొమ్మిదికి మేం చాలా మెల్లగా, ఊపిరి వదిలినట్టు పాడే పాట మధ్యలో ఉన్నాం. నెత్తి మీద గంట కొట్టడం మొదలైంది. తొమ్మిది దెబ్బలు. ఆ గంట శ్రుతి మా స్వరానికి కాస్త కింద ఉంది. మూడో దెబ్బకే బాసులు దాని శ్రుతిలోకి జారిపోయారు, వాళ్ల వెనకే మేమూ. సర్దుకుని మళ్లీ పట్టుకున్నాం. రెండు నిమిషాలకి మళ్లీ తొమ్మిది దెబ్బలు. చాలా పల్లెల్లో పొలంలో ఉన్నవాళ్లు మొదటిసారి లెక్క తప్పితే రెండోసారి వింటారని గంట రెండుసార్లు కొడతారట. అప్పటినుంచి చర్చి తాళాలు చూసుకునే పెద్దాయన కనిపించగానే నా మొదటి మాట 'నమస్కారమండీ', రెండోది 'గంటల స్విచ్చి ఎక్కడండీ'. సాధారణంగా వస్త్రాలు మార్చుకునే గదిలోనే ఉంటుంది, కచేరీ సేపు ఆపేస్తారు. లైట్ల స్విచ్చిలు, హీటరు సంగతి కూడా అప్పుడే అడిగేయండి. హీటరు ఫ్యాన్ చప్పుడు పాటలో వినపడుతుంది. టాయిలెట్ ఎక్కడో కూడా అడగండి. చాలా పాత చర్చిల్లో అసలు ఉండదు. పక్కన కెఫేవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. ఫ్రాన్స్‌లో ఎవరితో ఏం మాట్లాడాలన్నా ముందు 'బోఁజూర్' అనాలి, సాయంత్రమైతే 'బోఁస్వార్'. అది లేకుండా ప్రశ్న అడిగితే మొరటుగా అనుకుంటారు.

చర్చి అనుమతి గురించి. 1905లో ప్రభుత్వాన్నీ మతాన్నీ వేరుచేసిన చట్టం తర్వాత అప్పటికే ఉన్న చర్చి భవనాలు చాలావరకు ఊరి మునిసిపాలిటీ ఆస్తి అయ్యాయి, కెథడ్రల్స్ ప్రభుత్వానివి. కానీ వాటిని వాడుకునే హక్కు కాథలిక్ సంఘానిదే. అందుకని మేయర్ ఆఫీసు సరే అన్నా విచారణ గురువుగారి (ఆ చర్చి ఫాదర్) ఒప్పుకోలు లేకుండా కచేరీ జరగదు. ఆయన పాటల జాబితా అడుగుతారు. దైవసంబంధమైనవో, కనీసం ఆ చోటికి తగినవో ఉండాలి. ప్రతి పాటకీ రెండు లైన్ల అర్థం ఫ్రెంచ్‌లో రాసి పంపితే పని తేలిక. శనివారం సాయంత్రం పూజ ఉంటుంది, ఆ వేళకి రిహార్సల్ పెట్టుకోకండి. ఊళ్లో ఎవరైనా చనిపోతే అంత్యక్రియలకే మొదటి హక్కు, మీ టైము మారుతుంది. ఒక గంట అటూఇటూ జరిపే వీలు ముందే ఉంచుకోండి.

టికెట్ల బదులు చాలాచోట్ల ప్రవేశం ఉచితం, బయటికి వెళ్లేటప్పుడు బుట్టలో తోచినంత వేస్తారు. రచయిత చనిపోయి 70 ఏళ్లు దాటని పాటలకి సాసెమ్ అనే సంస్థకి జాబితా ఇచ్చి రుసుము కట్టాలి. ఫోరే 1924లో పోయారు కాబట్టి సమస్య లేదు. పులాంక్ 1963లో, ద్యురుఫ్లే 1986లో పోయారు, వాళ్లవి కట్టాల్సిందే. ఎవరు కట్టాలో, మీరా మిమ్మల్ని పిలిచినవాళ్లా, ఉత్తరాల్లో రాసుకోండి. పాట పుస్తకాలు జిరాక్సులు కాకుండా కొన్నవే పట్టుకెళ్లండి. ఎక్కడ వీలున్నా స్థానిక బృందంతో కలిసి కచేరీ పెట్టుకోండి. వాళ్ల చుట్టాలు, స్నేహితులతోనే సగం చర్చి నిండుతుంది, చివర్లో ఒక పాట రెండు బృందాలూ కలిసి పాడొచ్చు.

వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి అప్లై చేయొచ్చు. 18 మందీ ఒకేసారి వెళ్లండి, ఆహ్వాన పత్రాలు, 30,000 యూరోల బీమా సిద్ధంగా ఉంచుకోండి. మే నెలలో రద్దీ ఎక్కువ, అప్పటిదాకా ఆగొద్దు. మీకు పారితోషికం ఇస్తుంటే ఆ విషయం ముందే చెప్పి సరైన కాగితాలు పెట్టండి.

కచేరీ రోజు మా టైమ్‌టేబుల్ ఇలా ఉంటుంది. ఉదయం ఎవరిష్టం వాళ్లది, కానీ పాడటం లేదు, అరవడం లేదు. అయిదింటికి చర్చి. 5:15 నుంచి 6:30 దాకా రిహార్సల్. అందులో మొదటి పది నిమిషాలు నేను చెప్పిన కార్డ్, ఆ తర్వాత ప్రతి పాటలో మొదలు, చివర, వేగం మారే చోట్లు మాత్రమే. పాట మొత్తం ఒక్కటే పాడతాం, అదీ సగం గొంతుతో. ఆ తర్వాత తేలిగ్గా ఏదైనా తిని, ఎనిమిదికి మళ్లీ కలిసి అయిదు నిమిషాలు హమ్మింగ్. 8:30కి కచేరీ. చిన్న ఊళ్లలో రాత్రి పదయ్యాక తిండి దొరకడం కష్టం, రెస్టారెంట్లు సాయంత్రం ఏడింటికి ముందు తెరవరు. కాబట్టి కచేరీ ముందు తినేది మధ్యాహ్నమే కొనిపెట్టుకోండి. శాకాహారులుంటే ఇది మరీ ముఖ్యం. చేరిన రోజు రిహార్సల్ పెట్టొద్దు. మర్నాడు ఒక గంటన్నర, అందరూ గుండ్రంగా నిలబడి పాడితే చాలు. అయిదు కచేరీల మధ్య కనీసం రెండు రోజులు పూర్తిగా ఖాళీ వదలండి.

బస్సు డ్రైవర్ పని గంటలు ముందే లెక్కేసుకోండి. యూరప్ నిబంధనల ప్రకారం రోజుకి మామూలుగా 9 గంటలే నడపాలి, నాలుగున్నర గంటలకి 45 నిమిషాల విరామం, రెండు రోజుల మధ్య 11 గంటల విశ్రాంతి. వారంలో మూడుసార్లు దాన్ని 9కి తగ్గించొచ్చు. కచేరీ, భోజనం అయ్యి హోటల్ చేరేసరికి అర్ధరాత్రయితే మర్నాడు ఉదయం ఏడింటికి బయల్దేరడం కుదరదు. ఈ లెక్క తప్పబట్టే మా మొదటి టూర్‌లో బస్సు ఆలస్యంగా కదిలింది, రిహార్సల్ పదిహేను నిమిషాలకి కుదించుకుపోయింది.

గొంతుల విషయంలో చాలామందికి తెలియని సంగతి, పాడటం వల్ల పాడయ్యే గొంతు కంటే బస్సులో మాట్లాడి పాడుచేసుకునే గొంతులే ఎక్కువ. ఇంజను చప్పుడు మీద నాలుగు గంటలు కబుర్లాడితే సాయంత్రానికి పై స్వరాలు పోతాయి. మా బస్సులో కచేరీ రోజు మౌనం. మొదట్లో టెన్షన్‌గా అనిపించింది, తర్వాత అందరికీ నచ్చింది. గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడొద్దు, అది ఇంకా నష్టం. మెల్లగా మామూలుగా మాట్లాడండి, లేకపోతే అసలు మాట్లాడొద్దు. జూన్‌లో బయట ఎండగా ఉన్నా రాతి చర్చి లోపల చలిగా ఉంటుంది. అమ్మాయిలు పట్టుచీరలు కట్టుకుంటే లోపల వెచ్చగా ఏదైనా వేసుకోండి, రిహార్సల్‌కి శాలువా తెచ్చుకోండి. పలచని చెప్పులతో ఆ నేల మీద గంటన్నర నిలబడితే కాళ్లలోంచి చలి ఎక్కుతుంది. ఊపిరి పొట్టిదైపోతుంది, శ్రుతి దిగుతుంది. రొకమదూర్ అనే కొండ మీది పుణ్యక్షేత్రంలో మేం 216 మెట్లెక్కి నేరుగా పాడబోయాం, ఒక్కరికీ పొడుగు వాక్యం అందలేదు. 1936లో పులాంక్ వెళ్లి, తర్వాత ప్రార్థనా సంగీతం రాయడం మొదలుపెట్టిన చోటు అది. ఆయన కోసమని ఉత్సాహంగా ఎక్కేశాం. అరగంట కూర్చున్నాకే పాడగలిగాం. ఎక్కువ ఎక్కాల్సిన చోటైతే ఆ సమయం కలుపుకోండి. నాలుగు గొంతుల్లో ప్రతి దాంట్లో ఒకరికి జబ్బు చేసినా నడిచేలా పాటలు పంచుకోండి. సోలోలు ఇద్దరికి నేర్పండి.

చివరగా మీ తెలుగు కీర్తన. తప్పకుండా పాడండి. మన క్రైస్తవ కీర్తనలైతే విచారణ గురువుగారు సంతోషంగా ఒప్పుకుంటారు. కానీ రాగం చూసి ఎంచుకోండి. మోగే చర్చిలో వెనకటి స్వరం తర్వాతి స్వరం మీద పడుతుందని చెప్పాను కదా. మాయామాళవగౌళలాంటి రాగంలో స-రి, గ-మ, ప-ధ పక్కపక్కనే ఆనుకుని ఉంటాయి. అవి ఒకదాని మీదొకటి పడితే చెవికి గరుకుగా తగులుతుంది. మోహనలో ఆ ఇబ్బంది లేదు. స రి గ ప ధ, ఎక్కడా అర స్వరం దూరం లేదు. అయిదూ ఒకేసారి మోగినా ఇంపుగానే ఉంటుంది. మేం ఒక మోహన కీర్తన తీసుకున్నాం. నలుగురు బాసులు స-ప పట్టుకున్నారు, తంబూరా లాగా. పల్లవి నేనొక్కదాన్నే పాడాను. గమకాలు సగానికి సగం తగ్గించాను, బిర్కాలు (చకచకా దొర్లే స్వరాలు) పూర్తిగా మానేశాను. చౌకకాలంలో, అంటే బాగా నిదానంగా, ప్రతి సంగతికీ మధ్య ఊపిరంత ఖాళీ వదిలాను. పైకి వెళ్లిన గాంధారం నేను పంచమానికి చేరాక కూడా కప్పు దగ్గర వినపడుతూనే ఉంది. కండక్టర్‌గారు చెయ్యి దించకుండా అలాగే నిలబడ్డారు. పాడే ముందు మా బృందంలో ఫ్రెంచ్ బాగా వచ్చినామె పల్లవి అర్థం రెండు వాక్యాల్లో చదివింది. మీరూ అలాగే చేయించండి. చివర్లో 'బీస్, బీస్' అని అరిచి తాళం వేసినట్టు చప్పట్లు కొడితే మళ్లీ పాడమని అర్థం, దానికి రెండు పాటలు విడిగా ఉంచుకోండి.

మీ నాలుగు చర్చిల పేర్లు, పాటల జాబితా ఇక్కడ పెట్టండి. వాటిలో నేను పాడిన చర్చేదైనా ఉంటే ఎక్కడ నిలబడాలో, ఎన్ని సెకన్లు మోగుతుందో రాస్తాను. కీర్తన ఏ రాగమో కూడా చెప్పండి.